తుమ్మెదను చెదలని రాసిన ఏడాది

ఉద్యోగం అయిపోయి ప్రొద్దుటూరులో ఇల్లు చూసుకున్నాక కూడా నన్ను చెదలు వదల్లేదు. మా వీధిలో ఎవరి తలుపు చట్రంలో చిన్న బెజ్జం కనిపించినా, "వ్యవసాయం మేడం ఉండాదిగదా, పిలవండి" అంటారు. పోతాను. చూస్తాను. వేలు పట్టేంత గుండ్రటి బెజ్జం, కింద గచ్చు మీద రంపపు పొట్టు. ఇది చెద కాదమ్మా, తుమ్మెద అని చెబుతాను. వాళ్లు వినయంగా తల ఊపి, నేను సందు మలుపు తిరిగేలోపే మందు డబ్బాకు మనిషిని పంపుతారు. ఈ వయసులో ఎంతమందితో వాదించను? నిజం చెప్పాలంటే వాదించే మొహం కూడా నాకు లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కొత్తగా మా శాఖలో చేరి, చేతిలో ట్యాబు పట్టుకుని చేల వెంట తిరుగుతున్న పిల్లలు చదివితే చాలు. చదవకపోయినా నాకు కొత్త కాదు. నేను ఉద్యోగంలో రాసినవి కూడా ఎవరూ చదివిన పాపాన పోలేదు, ఒక్క ఏడాది తప్ప. ఆ ఏడాదే కొంప మునిగింది.

ముందు ఈ రెండు పురుగుల సంగతి చెప్పాలి. చెద ఒంటరిగా బతకదు, మందగా వస్తుంది. వెలుతురు పడదు కాబట్టి మట్టితో సన్నటి దారి కట్టుకుని దాని చాటున నడుస్తుంది. కట్టెను లోపల్నుంచి తింటూ పైన పెచ్చు మాత్రం ఉన్నదున్నట్టు ఉంచుతుంది. మనం వేలితో నొక్కిన రోజున తెలుస్తుంది లోపలేమీ లేదని. దానికి ఇది అది అని లేదు. దూలం, పట్టా కాగితం, వేరుశనగ కాయ, చీనీ అంటే బత్తాయి, ఆ మొక్క బెరడు, ఏది దొరికితే అది. అది తిన్నచోట మట్టి ఉంటుంది గానీ పొట్టు ఉండదు, పొట్టు కూడా దాని కడుపులోకే పోతుంది.

నల్ల తుమ్మెద అట్లా కాదు. బొటనవేలి కొస అంత ఉంటుంది, ఎండ పడితే రెక్కలు నీలంగా మెరుస్తాయి. ఒక్క ఆడది ఒంటరిగా ఎండుకట్టెకు తొర్ర పెట్టుకుంటుంది. కట్టెను తినదు. కొరికిన పొట్టునంతా బాహాటంగా బయట పారబోస్తుంది, దాచడానికి దాని దగ్గర ఏమీ లేదు కాబట్టి. లోపల పుప్పొడి ముద్ద పెట్టి, గుడ్డు పెట్టి, గోడ కట్టి, మళ్లీ పూల మీదికి పోతుంది. మామూలు తేనెటీగకు చేతకాని పూలు కొన్ని ఉంటాయి. అవి దీని పాలివి.

జనుము పువ్వు అట్లాంటిది. పసుపు రంగు పువ్వు, కింది రేకులు రెండూ మూసుకుని లోపల పుప్పొడిని దాచిపెట్టుకుంటాయి. తేనెటీగ కూర్చుంటే దాని బరువుకు ఆ రేకు దిగదు. తుమ్మెద వచ్చి కూర్చుంటే దిగుతుంది. పుప్పొడి బయటికి తన్నుకొచ్చి దాని పొట్టకు అంటుకుంటుంది. అదే పొట్టతో పక్క మొక్క పువ్వు మీద వాలితే అక్కడ కాయ కడుతుంది. ఎవరూ రాకపోతే పువ్వు నాలుగు రోజులు చూసి రాలిపోతుంది. ఇదంతా నేను కాలేజీలో చదివి, పరీక్షలో బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నదే. తెలియక చేసిన తప్పయితే ఈపాటికి మర్చిపోయి ఉండేదాన్ని.

నా మొదటి ఉద్యోగం జమ్మలమడుగు దగ్గర. చేరిన వారానికే నేను తనిఖీ కాగితంలో పురుగుల గళ్లన్నింటిలోనూ 'లేవు' అని రాసి ఇచ్చాను. నిజంగానే లేవు. మా ఆఫీసులో అందరికంటే పెద్దాయన, నాకు పని నేర్పినాయన, ఆ కాగితం చూసి తల పట్టుకున్నాడు.

"అన్నీ లేవు అని రాస్తే నువ్వు చేలోకే పోలేదంటార్మా," అన్నాడు. "ఏదో ఒగటి ఉండాదని రాయి. చెదలు రాయి. చెదలు యాడైనా ఉంటాయి, ఎవురూ కాదనరు. పక్కన స్వల్పం అని పెట్టు. స్వల్పం అంటే ఎవురూ ఏమీ అడగరు."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా నేను 'చెదలు: స్వల్పం' అని రాస్తూనే పోయాను. ఎవరూ ఏమీ అడగలేదు. నేనే కాదు, మా వాళ్లంతా అదే రాశారు. ఆ కాగితాలన్నీ ఒకచోట పోసి చూస్తే మా జిల్లాలో చెదలు తప్ప ఇంకో జీవం లేదనుకోవాలి. చేలోకి పోయి చూసి రాసిన వాళ్లదీ, ఆఫీసులో కుర్చీలోంచి లేవకుండా రాసిన వాళ్లదీ ఒకటే మాట. పోయినట్టు రుజువు కోసం పుట్టిన అబద్ధం కాస్తా పోనివాళ్లకు కూడా పనికొచ్చింది. ఈ సంగతి మాలో అందరికీ తెలుసు. టీ తాగుతూ నవ్వుకునేవాళ్లం కూడా.

అట్లా నవ్వుకుంటూ తొండూరు చేరాను. ఆ ఏడాది మా శాఖ పచ్చిరొట్ట ఎరువు కోసం జనుము విత్తనం పెంచమని కొందరు రైతులను ఎంపిక చేసింది. వాళ్లలో ఒకామె తొండూరు అవతల ఒక పల్లెలో గుత్తకు, అంటే కౌలుకు, సేద్యం చేస్తుండేది. నా వయసే. మొగుడు లేడు. ఆ నాలుగెకరాలు ఆమె చేతికి వచ్చేటప్పటికి కంపచెట్లు తప్ప ఏమీ లేవు. తొమ్మిదేళ్లలో దాన్ని పంటచేను చేసింది. భూమి ఆసామి పులివెందులలో ఉంటాడు. పాత భూస్వాముల కుటుంబం, ఊళ్లో మాట చెల్లే మనిషి. చెడ్డవాడని నేను అనను. చుట్టుపక్కల అందరూ చీనీ తోటలు పెడుతుంటే ఆయనకూ పెట్టాలని ఉంది. చీనీ పెడితే ఇక పదిహేను, ఇరవై ఏళ్లు ఆ నేల చెట్లదే, గుత్తదారుకు అందులో అడుగుపెట్టే పనుండదు.

ఆమె బతిమాలితే ఆయన ఒక మాట ఇచ్చాడు. ఈ కారు జనుము నిండుగా పండితే చేను గుత్తకు నీకే వదిలేస్తా, పండకపోతే చీనీ మొక్కలు దించుతా అని. ఆ మాట నా ఎదురుగానే అన్నాడు. నేను దానికి సాక్షిని. ఇంకా సిగ్గులేకుండా, "జనుముకు రోగం రొస్టు లేదులేప్పా, పండక యాడికి పోతాది" అని భరోసా కూడా ఇచ్చాను.

పైరు మోకాలి ఎత్తుకు వచ్చినప్పుడు తనిఖీకి పోయాను. బలే పైరు. తెగులు లేదు, పురుగు లేదు. చేను ఎగువ కొసన ఆమె పనిముట్లు పెట్టుకునే పాత కొట్టం ఉంది. వేపదూలాలు, వేప నిట్రాళ్లు. ఆ కట్టెల నిండా గుండ్రటి బెజ్జాలు, కింద పొట్టు.

"కొట్టానికి చెదలు పట్టిచ్చినావేందిమా?" అన్నాను.

"చెదలు కాదు మేడం, తుమ్మెదలు. మేం సేద్యానికి రాకముందు నుంచీ ఉండాయి. మేం వాటి జోలికి పోము, అవి మా జోలికి రావు."

అట్లా ఆమె చెబుతుండగానే ఒక తుమ్మెద బెజ్జంలోంచి వెనక్కి వెనక్కి వచ్చి, మా ఇద్దరి మధ్యలోంచి ఎగిరిపోయింది. చూశాను. చూసి, ఒళ్లో కాగితం పెట్టుకుని 'చెదలు: స్వల్పం' అని రాశాను. ఏదో ఒకటి రాయాలి కదా. కనీసం బెజ్జాలైనా ఉన్నాయి, ఈసారి పూర్తి అబద్ధం కూడా కాదు అనుకున్నాను.

నా ఖర్మకు ఆ ఏడాదే మాకు కొత్త పై అధికారి వచ్చాడు. కోస్తా వైపు మనిషి. మర్యాదస్తుడు, పొద్దున తొమ్మిదికల్లా ఆఫీసులో ఉండేవాడు, అన్నిటికంటే ఘోరం, మేం రాసిన ప్రతి కాగితం చదివేవాడు. ఇరవై ఏళ్లలో మొదటిసారి ఒక మనిషి నా చేతిరాతను చదివి ఫోన్ చేశాడు.

"స్వల్పంగా చెదలు ఉన్నాయన్నారు కదండీ మేడం గారూ, మరి తీసుకున్న చర్య ఏంటండీ? ఆ గడి ఖాళీగా ఉంచేశారు. ఫోటో కూడా పెట్టాలి."

అప్పుడే అనవచ్చు, సార్, అవి చెదలు కాదు అని. అంటే, మరి ఎందుకు రాశారు అంటాడు. దానికి జవాబు చెప్పాలంటే జమ్మలమడుగు పెద్దాయన దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. నాకు ఓపిక లేకపోయింది. అంతే, ఇంకే కారణమూ లేదు. మరుసటి రోజు పోయి ఆమెతో ఆ కొట్టం విప్పి కట్టెలన్నీ కాల్చేయమన్నాను.

ఆమెకు మొదట అర్థం కాలేదు. "కాల్చాల్నా? ఎందుకు మేడం? అవి తుమ్మెదలని చెప్తినిగదా."

"విత్తనం చేను పక్కన పురుగుపట్టిన కట్టె ఉండకూడదుమా. పైనుంచి ఆర్డరు."

"కట్టె పోతే పోయింది మేడం. అవి పోతే జనుముకు కాయ యట్ల కడతాది? పూతకొచ్చే యాళకు అవే గదా తిరిగేది."

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట ఇక్కడ రాస్తున్నాను. నేను ఆమెను చూసి, "చదువుకున్నది నువ్వా, నేనా?" అన్నాను. ఆమె మరిదిని పిలిపించి కొట్టం విప్పించింది. పైన బోదగడ్డి కప్పు పక్కన పెట్టుకుని కట్టెలు కుప్ప వేసి అగ్గి పెట్టింది. ఎండుకట్టె, గబగబా అంటుకుంది. బయటికి పోయిన తుమ్మెదలు తిరిగొచ్చి పొగ చుట్టూ తిరుగుతుండిపోయాయి. ఎంతసేపు తిరిగాయో నాకు తెలియదు. నేను ఫోటో తీసుకుని వచ్చేశాను.

ఆ ఫోటో మా సారుకు ఎంతగానో నచ్చింది. "చెదల నివారణకు ఆదర్శం" అని పైన రాసి డివిజన్ అంతా పంపించాడు. దాన్ని చూసి లింగాల నుంచి ముద్దనూరు దాకా మా వాళ్లు ఎవరికి వాళ్లు తమ రైతులతో పాత దూలాలు, విరిగిన బండి కట్టెలు పోగుచేయించి కాల్పించి ఫోటోలు తీశారు. వారం రోజులు మా వాట్సాప్ గ్రూపు నిండా మంటలే. అందులో నిజంగా చెదపట్టిన కట్టె ఎన్నో నాకు తెలియదు. చెదకు అసలు ఇల్లు నేలలో ఉంటుందనీ, పైన కట్టె కాల్చినంత మాత్రాన దానికి వెంట్రుక కూడా ఊడదనీ మాలో అందరికీ తెలుసు. ఒక్కరూ అనలేదు. నేనెట్లా అంటాను, మొదటి ఫోటో నాదే.

తర్వాత జనుము పూతకొచ్చింది. చేనంతా పసుపు. దారిన పోయేవాళ్లు ఆగి చూసేంత పూత. మూడు వారాల తర్వాత ఆమె నాకు ఫోన్ చేసింది.

"మేడం, ఒగసారి వచ్చి పోండి. పువ్వు పూసింది పూసినట్టే రాలిపోతాండాది."

పోయాను. మొక్కలో కింది కొమ్మలన్నీ పూసి రాలి బోసిగా ఉన్నాయి. ఒక్క కాయ లేదు. నేను వెంటనే మా సారుకు చెబితే ఆయన పుస్తకం తిరగేసి సూక్ష్మధాతు లోపం కావచ్చన్నాడు, బోరాన్ కొట్టించమన్నాడు. కొట్టించాను. బుద్ధి ఉండి కూడా కొట్టించాను. వారం గడిచింది, ఇంకో అడుగు ఎత్తు పూలు రాలాయి. ఇంతలో ఆసామి మోటారుసైకిల్ మీద అటువైపు వచ్చి గట్టు మీద నిలబడ్డాడు.

"ఏంది మేడం, పూలే గానీ కాయ కనపల్లేదే?" అన్నాడు. "నేను చీనీ మొక్కలకు చెప్పి పెట్టుకోవాల గదా. ఆ మాట ఇప్పుడే చెప్తే మేలు."

"ఇంకా పూత ఉండాదిప్పా, కొన్నాళ్లు చూడండి" అన్నాను. ఆమె గట్టు కింద నిలబడి నా మాట వింటోంది. ఆ మాట నేను దేన్ని నమ్ముకుని అన్నానో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. దేన్నీ కాదు.

మర్నాడు పొద్దున్నే ఆ చేలో ఒక బండమీద కూర్చున్నాను. ఉద్యోగంలో చేరింది మొదలు ఒక చేలో ఏ పనీ లేకుండా గంటసేపు కూర్చోవడం అదే మొదటిసారి. తేనెటీగలు వచ్చాయి. పువ్వు మీద వాలి, అటూ ఇటూ తిరిగి, ఏమీ దొరక్క పోయాయి. రేకు దిగలేదు. ఒక్క పువ్వు తెరుచుకోలేదు. ఆమె వచ్చి నా పక్కన నిలబడి, ఒక పువ్వును తుంచకుండానే వేళ్ల మధ్య పట్టుకుని కింది రేకును మెల్లగా నొక్కింది. పుప్పొడి బయటికొచ్చి ఆమె గోటికి అంటింది.

"ఇదీ మేడం వాటి పని," అంది. "పొయినేడు మా అక్కోళ్ల చేలో నేను చూసినా. మీకు చెప్పాలనే గదా ఆ పొద్దు నోరు తెరిచింది."

చదువుకున్నది నువ్వా నేనా అన్న మాట ఆమె ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

ఆమె ఊరికే కూర్చునే మనిషి కాదు. ఒకప్పుడు హైబ్రిడ్ పత్తి విత్తనం చేలల్లో క్రాసింగ్ పనికి పోయిన చేతులు ఆమెవి. ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు అంటించడం ఆమెకు కొత్త కాదు. తోటికోడలిని పిలుచుకుని పొద్దున్నే మొదలుపెట్టింది. నేనూ చీర చెంగు నడుముకు దోపుకుని దిగాను. ఎండెక్కేసరికి ముగ్గురం కలిసి రెండు సాళ్లు చేశాం. నాలుగెకరాల చేను. అవతలి గట్టు వైపు చూస్తే నాకు ఏడుపొచ్చింది. రోజంతా తుమ్మెదలు నోరు మూసుకుని చేసే పనికి మేం ముగ్గురం నడుము పట్టుకుని కూలబడ్డాం.

ఇక తుమ్మెదలనే తేవాలి. వెతకడం మొదలుపెట్టాను. తొండూరు చుట్టూ అడిగాను, లింగాల దాకా పోయాను. ఎక్కడికి పోయినా ఒకటే జవాబు. "ఉన్నెయ్ మేడం, మీవాళ్లు వచ్చి కాల్పిచ్చిరి." ప్రతి ఊళ్లోనూ నా ఫోటో నాకంటే ముందు చేరి ఉంది.

చివరికి కలమల్లలో దొరికాయి. అక్కడ విద్యుత్ కేంద్రంలో పనిచేసి రిటైరైన ఒకాయన పాత మిద్దె పడగొట్టి కొత్తది కట్టుకున్నాడు. పాత మిద్దె దూలాలు రెండు పెరట్లో గోడకు ఆనించి పెట్టాడు. వాటి నిండా బెజ్జాలు, ఎండలో తుమ్మెదలు పోతూ వస్తూ ఉన్నాయి. చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆయనకు మాత్రం నేను చెదల మందు తేలేదని కోపం.

"ఇవి చెదలు కాదన్నా, తుమ్మెదలు. నీ కొత్తింటి జోలికి రావు. నాకిస్తే తీసుకపోతా" అన్నాను.

"తీసుకపోతే పుణ్యం మేడం. కానీ చెదలు కాదని మాత్రం చెప్పాకండి," అన్నాడాయన, జేబులోంచి ఫోను తీస్తూ. "మా తమ్ముడు పంపినాడు, చూడండి. ఇదే బెజ్జం, ఇదే కట్టె. మీ ఆఫీసోళ్లే కాల్చినారు. పైన చెదలు అని రాసుండారు గదా."

ఫోటోలో మంట పక్కన నా చెప్పుల కొసలు కూడా కనిపిస్తున్నాయి. అది తీసింది నేనే అని చెప్పలేదు. దూలాలు ఇస్తే చాలని ఊరుకున్నాను.

పొద్దు వాలుతుండగా ఒక లగేజీ ఆటో మాట్లాడాను. తుమ్మెదలన్నీ ఇల్లు చేరేదాకా ఆగి, ఒక్కో బెజ్జానికి గుడ్డపీలిక కుక్కాం. చెవి ఆనిస్తే లోపల గీరుతున్న చప్పుడు. ఆటో ఆయన దూరంగా నిలబడి, "కుడితే ఎవురిది బాధ్యత మేడం?" అని మూడుసార్లు అడిగాడు. "నాదేలేప్పా, అన్నీ నాదే," అని వెనక దూలాల పక్కన నేనే కూర్చున్నాను. గుంత వచ్చినప్పుడల్లా పీలికలు ఊడకుండా రెండు చేతులా పట్టుకున్నాను. బాగా పొద్దుపోయాక తొండూరు దాటి చేను చేరాం. కొట్టం ఉన్న చోటే నాలుగు రాళ్ల మీద ఆ దూలాలు పెట్టి, మిగిలిన బోద పైన కప్పింది ఆమె.

మర్నాడు తెల్లవారాక పీలికలు తీశాం. ఆ పొద్దు నాకు బాగా గుర్తు. మొదట ఒక్కటీ బయటికి రాలేదు. తర్వాత ఒకటి వచ్చి, దూలం ముందు గాలిలో నిలబడి దాన్నే చూస్తూ అటూ ఇటూ ఊగింది. కొత్తచోటు గుర్తు పెట్టుకుంటోంది. కొన్ని ఎగిరిపోయి మళ్లీ కనపడలేదు. మిగిలినవి ఒక్కొక్కటిగా పూలలోకి దిగాయి. ఒకటి మా కళ్లముందే పువ్వు మీద వాలింది, కింది రేకు వంగింది. ఆమె నా చేయి గట్టిగా పట్టుకుంది, మళ్లీ గుర్తొచ్చి వదిలేసింది.

సరిగ్గా అప్పుడు గట్టు కింద జీపు ఆగింది. మా సారు, చేతిలో నా పాత నివేదిక. బోరాన్ పనిచేసిందో లేదో చూడటానికి వచ్చాడు. ఆయన చూపు ముందు దూలాల మీద పడింది.

"ఏంటండీ మేడం గారూ, మళ్లీ చెదలు పెట్టించారా? ఇక్కడే కదండీ కాల్పించి ఫోటో పెట్టింది. ముందు వీటిని తగలబెట్టించండి, మిగతాది తర్వాత చూద్దాం."

ఆమె పోయి దూలాలకు అడ్డంగా నిలబడింది. చేతిలో ఏమీ లేదు, ఊరికే నిలబడింది.

నేను సారును పూల దగ్గరికి తీసుకుపోయి తుమ్మెద వాలేది చూపించాను. ఆయన నిజంగానే చూశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. చూసి, "అయితే మరి మీరు చెదలని ఎందుకు రాశారండీ?" అన్నాడు. చెప్పాను. జమ్మలమడుగు దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. ఆయన మొహం చిన్నబోయింది. డివిజన్ అంతా పంపిన ఫోటో ఆయనది కూడా.

"సరే, జరిగిందేదో జరిగింది. ఈసారికి కూడా స్వల్పం అని రాసేయండి. కట్టెలు ఉండనివ్వండి, నేను చూడనట్టే ఉంటాను," అన్నాడు గొంతు తగ్గించి.

ఆయన మంచికే అన్నాడు. నాకు మాత్రం అప్పటిదాకా పేరుకున్న విసుగంతా ఒక్కసారి తన్నుకొచ్చింది. స్వల్పం అని రాస్తే వచ్చే ఏడాది ఇంకెవరో చదివి, తీసుకున్న చర్య ఏంటని అడుగుతారు. జీపు బానెట్ మీద కాగితం పెట్టి, 'చెదలు లేవు. ఉన్నవి జనుముకు కాయ కట్టించే తుమ్మెదలు. కిందటి నివేదికలో నేను రాసింది తప్పు. నా తప్పు వల్ల ఈ చేలో కింది పూత అంతా రాలిపోయింది' అని రాసి సంతకం పెట్టాను. దానికి నాకు మెమో వచ్చింది. తప్పుడు నివేదిక ఇచ్చినందుకు సంజాయిషీ అడిగారు. ఇరవై ఏళ్లు తప్పులు రాసినప్పుడు రాని మెమో, ఒక్క నిజం రాసినందుకు వచ్చింది. అది పెద్ద బాధేమీ కాదు.

పై కొమ్మలకు కాయ పట్టింది. తుమ్మెదలు వచ్చిన రోజు నుంచి పూసిన ప్రతి గెలకూ కాయలే. కింద సగం మాత్రం అట్లాగే బోడిగా నిలబడింది. కాయలు ఎండాక గాలి వీస్తే చేను పైన గలగలమనేది. కోత రోజున ఆసామి వచ్చాడు. ఒక మొక్క వంచి కింద చూశాడు, పైన చూశాడు.

"సగమే గదా మేడం," అన్నాడు.

"ఆ సగం పోయింది నా వల్లప్పా. ఆమె తప్పు ఇసుమంత లేదు. కావాలంటే రాసిస్తా."

"తప్పు ఎవురిదైనా చేను నాది గదా మేడం," అన్నాడు. విసురుగా అనలేదు, లెక్క చెప్పినట్టు అన్నాడు. ఆమె వైపు తిరిగాడు. "నిండుగా పండితే చేను నీకే అన్నా. సగం పండిచ్చినావు. సగం చేను నీకు, సగంలో నేను చీనీ పెట్టుకుంటా. యా సగం కావాల్నో నువ్వే చెప్పుమా."

దిగువ సగం మెత్తటి నేల, బోరు కూడా అటే దగ్గర. ఎగువ సగం రాళ్లు, నీళ్లు ఎక్కడం కష్టం. ఆయన ఆమెకే ఎంచుకోమన్నాడంటే పెద్ద మనసే. ఆమె ఎగువ సగం అంది. ఆసామి ఆశ్చర్యపోయి, మాట మార్చేలోపు అన్నట్టు సరేనని వెళ్లిపోయాడు.

నేను ఆగలేకపోయాను. "ఏం పనిమా అది? తొమ్మిదేండ్లు ఒళ్లు వంచిన మంచి నేల వదులుకుంటావా? తుమ్మెదలు దిగువకు మాత్రం రావా, అంత దూరం ఎగరలేవా?"

"ఎగరతాయి మేడం," అంది ఆమె. "దిగువ నేను తీసుకుంటే ఈ కట్టెలు ఆయప్ప సగంలో పడతాయి. మళ్ల కదిలిస్తే మొన్న మాదిరి ఇంకొన్ని ఎగిరిపోతాయి. రేపు చీనీ మొక్కలు చూసేదానికి ఎవురో ఒగ సారో మేడమో వస్తారు. బెజ్జాలు చూసి చెదలంటారు. మళ్ల అగ్గి పెట్టిస్తారు. చెప్తే వినరు గదా."

నన్ను దెప్పుతున్నట్టు అనలేదు. రేపు వాన వస్తుందేమో అన్నంత మామూలుగా అంది. చెంగు బిగించుకుని వంగి, దూలాల పక్కనున్న రాయిని పెకలించి గట్టు మీద వేసింది. నేనూ వంగి ఇంకో రాయి మీద చేయి వేశాను.

"మీరుండండి మేడం," అంది.